ఇరవై అయిదో నెల

తిరుపతిలో మా మిక్సీల అంగడికి కంప్యూటరు వచ్చిన కొత్త. ఏ రోజు బిల్లు కొడితే ఆ రోజు తేదీ దానంతటదే పడేలా ఒకతను ప్రోగ్రాం రాస్తున్నాడు. "అన్నా, నెల పేరు అక్షరాల్లో రావాలంటే ఇంకో రోజు పనుండాది" అన్నాడు. అంగళ్ల మధ్య పుట్టి పెరిగిన నోరు ఊరుకుంటుందా? "అంకెలు చాల్లే అబ్బా, ఆ రోజు కూలి తగ్గించుకో" అన్నాను. గెలిచానన్న సంబరంలో ఆ పూట రెండు దోసెలు ఎక్కువే తిన్నాను.

వడమాలపేటలో టిఫినంగడి నడిపే ఒకామె డిసెంబరు అయిదున మా దగ్గర గ్రైండరు కొన్నది. మరుసటి ఆగస్టులో మోటారు కాలిపోయింది. ఏడాది గ్యారంటీ ఉంది కదా అని ఆటోలో వేసుకొచ్చింది. నేను పిలిపించిన కంపెనీ సర్వీసు మనిషి బిల్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"12/05. పోయినేడు మే పన్నెండు. గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది."

"డిసెంబరు అయిదప్పా! కంప్యూటరు నెల ముందేసి తేదీ ఎనకేస్తాది." పాత బిల్లుల నకళ్లు లాగి, 12/25 ఉన్నది అతని ముక్కు కింద పెట్టాను. "ఇరవై అయిదో నెల మీ ఊర్లో ఉండాదా?"

"అది ఈమె బిల్లు కాదు కదన్నా. కావాలంటే డిసెంబరులోనే అమ్మినానని లెటర్ కొట్టియ్యి."

ఒళ్లు మండుతున్నా కొట్టాను. ఆనాడు ఆగస్టు తొమ్మిది. ప్రోగ్రాం తనకు తానే పైన 08/09 అని అచ్చేసింది. అతను పగలబడి నవ్వాడు. "సెప్టెంబరు ఎనిమిదికి ఇంకా నెలుండాది. ఆపొద్దు తీసకరా!"

ప్రోగ్రాం రాసినతనికి ఫోన్ చేసి అరిచాను. "అది అమెరికా పద్ధతన్నా, సిస్టంలో అట్లే ఉండాది. నెల పేరు వద్దనింది నువ్వే కదా" అన్నాడు చల్లగా. ఫోన్ పెట్టేసి అమెరికాను తిట్టాను, సర్వీసు మనిషిని తిట్టాను. తిట్టాల్సిన మూడోవాణ్ణి నేనే అయ్యేసరికి గొంతు తగ్గింది.

ఆమె లేచింది. "ఏమప్పా, నెల ముందో ఎనకో మీరు తేల్చుకోండి. పొద్దున నానేసిన బియ్యం ఆడ ఎదురుసూస్తా ఉండాది. రేపు దోసెకని వచ్చినోళ్లకు నీ బిల్లు వడ్డించమంటావా?" అంగట్లో అమ్మకానికి పెట్టిన కొత్త గ్రైండరు మీద చెయ్యేసి, ఆటో అతన్ని పిలిచింది.

"అక్కా, అది..."

"గ్యారంటీ ఉండేది నాకు. తగువుండేది మీకు."

నేనూ గ్రైండరుకు ఒక పక్క పట్టాను. సర్వీసు మనిషి సాయం పట్టబోతే, చెయ్యి తియ్యమని వీధంతా వినిపించేలా అరిచాను.