టేకు మొద్దులో ఆ ఏడాది

ఈసారి వానలు తగ్గాక మా ఊరికి తారు రోడ్డు వచ్చింది. వస్తూనే మా వాకిట్లో టేకు చెట్టును కొట్టించేసింది. గుమ్మలక్ష్మీపురం ఆసుపత్రి నుంచి అంబులెన్సు ఇక ఇంటి ముందుకే వస్తుందని ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా చెల్లికి కావాల్సిన నాడు ఈ రోడ్డు ఏమైపోయింది?

చెల్లి చలిజ్వరంతో పోయింది. అప్పుడు నేను ఐదో తరగతి. ఆ ఏడు వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. నాన్నా ఊరివాళ్లూ దాన్ని డోలీలో మోసుకెళ్లారు గాని, దారిలో గెడ్డ వాగు పొంగి దాటనివ్వలేదు. నీరు తగ్గుతుందని ఒడ్డున కాచుకుని ఉండగానే ప్రాణం పోయింది. దానికి ఒక్క ఫొటో కూడా లేదు. నాన్న బతికున్నన్నాళ్లూ దాని ఊసే ఎత్తలేదు. దేవుని చిత్తం అన్నారు పాస్టరుగారు. అమ్మ తల ఊపింది గాని నమ్మలేదు. ఆమె నమ్మింది ఆ టేకు చెట్టును.

"మన గుంట పోయిన ఏడు ఇది కూడా ఏడిసింది. ఆకంతా రాల్సీసి మోడైపోనాది" అనేది చెల్లిని తలుచుకుని.

టేకు ఏటా ఎండల్లో ఆకు రాలుస్తుందని నాకు తెలుసు. అయినా ఎప్పుడూ ఆమె మాట కొట్టిపారెయ్యలేదు. తన దుఃఖానికి ఆ చెట్టయినా తోడుందన్న నమ్మకం మీదే ఆమె ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. చెట్టుకు ఏడాదికొక వలయం, వానలు బాగా పడితే వెడల్పు, కరువైతే సన్నం అని బోర్డు మీద గుండ్రాలు గీసి మరీ చెబుతాను. ఈ సంగతి ఎప్పుడో అమ్మకూ చెప్పాను. ఆమె మర్చిపోలేదు.

"ఆ ఏడు ఏదో సూపించు" అంది మొద్దు పక్కన చతికిలబడి. "బక్కసిక్కిపోయుంటాది పాపం."

బయటి వలయం ఈ ఏడాదిది కాబట్టి, బెరడు దగ్గర నుంచి లోపలికి లెక్కపెట్టాను. చెల్లి పోయిన ఏడు దగ్గర ఆగాను. తప్పానేమోనని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడికే వచ్చాను. మొద్దు మొత్తంలో అంత వెడల్పు వలయం ఇంకొకటి లేదు. నా చిటికెన వేలు అందులో ఇమిడిపోయింది.

గెడ్డను పొంగించి, దోమల్ని పెంచి మా చెల్లిని పొట్టన పెట్టుకున్న వానే ఈ చెట్టుకు కడుపునిండా తాగించింది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని, నాకు ఈ మాత్రం ముందే తోచలేదు. ఓ అబద్ధం చెప్పేద్దామంటే అదీ నోటికి రాలేదు. ఈలోగా అమ్మ నా వేలి పక్కన తన వేలు పెట్టేసింది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇంత బలిసిపోనాదేటి?"

"ఆ ఏడు వానలెక్కువ కదమ్మా. సెట్టుకి బాగా ఒంటబట్టింది."

అమ్మ చాలాసేపు ఆ వలయాన్ని తడుముతూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడ్చినా బాగుండేది. చివరికి మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"అయితే నానొక్కద్దాన్నే ఏడిసినానన్నమాట" అని లోపలికి వెళ్లిపోయింది.