ఇందులో నానెక్కడున్నాను?

రెండు వేల ఇరవై మూడు, శివరాత్రి వెళ్ళిన వారం. రాజాంలో ఎరువుల కొట్టు మేడ మీద నా గది. బయట బోర్డు మీద ‘దేశ విదేశీ విద్యా ప్రవేశాల సలహా కేంద్రం’ అని ఉంటుంది. విదేశాల సంగతి ముందే ఒప్పేసుకుంటాను. కళింగపట్నం ఒడ్డున నిలబడి కంటికానినంత మేర చూడడమే తప్ప, సముద్రానికి అవతల ఏముందో నాకు తెలియదు. జూనియర్ కాలేజీలో గుమస్తాగా రిటైరయ్యాక వెబ్ ఆప్షన్లు పెట్టిచ్చే పనిలో దిగాను. అంటే ఇంజనీరింగ్ సీట్ల కోసం ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ వెనక అని కంప్యూటర్లో వరస పెట్టడం.

నా దగ్గరికొచ్చే ప్రతి తండ్రీ ముందు అడిగేది ఒకటే, చాన్సెంత అని. నేను కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి, నూటికి ఇంత అని చెబుతాను. దానికో రహస్య సూత్రం ఉందని ఊరంతా నమ్ముతుంది. ఉన్నమాటే. ఎదుటివాడి ముఖం చూసి, ఎంత చెబితే తట్టుకోగలడో దానికి మరో పది కలపడమే ఆ సూత్రం.

ఆ వారం నౌపడ నుంచి సింహాచలం అనే ఆయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఉప్పు మడుల్లో పని. ఉప్పు బాగా పండే రోహిణి కార్తెలో పుట్టిందని పిల్లకి రోహిణి అని పేరు పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ పేరు చెప్పను, చెబితే నా నోరు పాడవుతుంది. ఆమె అడిగింది ఇంజనీరింగ్ కాదు, ఉత్తరాదిలో ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. ఒక్క గ్రూపుకే కట్టిపడేయకుండా చరిత్ర, లెక్కలు, ఆర్థికశాస్త్రం, సాహిత్యం అన్నీ కలిపి చదివించే డిగ్రీ అది. సీట్లు బహు తక్కువ. ఎంపికైన పేద పిల్లల ఖర్చంతా కాలేజీయే భరిస్తుంది.

సింహాచలానికి ఒక్కటే అనుమానం.

“ఆర్ట్సంటే బొమ్మలెయ్యడమేటి మేస్టారూ? దానికంత దూరమెల్లాలా?”

“బొమ్మలు కాదు నాన్నా,” అంది రోహిణి. “అక్కడ క్లాసులో ఇరవైమందే ఉంతారట. పెశ్న అడగొచ్చట.”

ఆ ‘అడగొచ్చట’ అన్న మాట దగ్గర నేను కాగితాల మీంచి తలెత్తాను. రెండేళ్ళుగా క్లాసులో ఒక్కసారీ నోరు విప్పలేదట. విప్పితే సిలబస్ ఆగిపోతుందని కూర్చోబెట్టేస్తారట.

మా వృత్తిలో కాలేజీలని మూడు బుట్టల్లో వేస్తాం. తప్పక వచ్చేది సేఫ్టీ, మన మార్కులకి సరితూగేది మ్యాచ్, చెయ్యి ఎంత చాపినా అందుతుందో లేదో తెలియనిది రీచ్. ఇది రీచ్‌లలోకెల్లా రీచ్. మార్కులతో పాటు మనిషిని కూడా చూస్తారు. దాన్నే హోలిస్టిక్ రివ్యూ అంటారు. నా మనసులో నూటికి పది అనుకున్నాను. సింహాచలం ముఖం చూసి అరవై అన్నాను.

పిల్లకి చదువు చెప్పినవాళ్ళు రాసిన రికమండేషన్ ఉత్తరాలు రెండు కావాలి, ఒకటి కాలేజీ నుంచే రావాలి అని చెప్పి పంపాను. నా బుద్ధి తక్కువ. మన జిల్లాల్లో రికమండేషన్ అంటే ఏమిటో మరిచిపోయాను. రెండు రోజులు పోయాక సింహాచలం వాళ్ళ వైపు నాయకుడి దగ్గర్నుంచి ముద్ర కొట్టించిన కాగితం తెచ్చి భక్తిగా బల్ల మీద పెట్టాడు. ‘వీరు మాకు బాగా కావలసినవారు, సీటు ఇప్పించగలరు’ అని ఉంది. కడుపుబ్బ నవ్వాను. ఆయనా ఎందుకో తెలియకుండానే నాతోపాటు నవ్వాడు.

మర్నాడు రోహిణితో వాళ్ళ కాలేజీకి వెళ్ళాక ఆ నవ్వు ఎటు పోయిందో మరి. వైస్ ప్రిన్సిపాలు సెక్షనూ రోల్ నంబరూ అడిగాడు. రోహిణి చెప్పింది. ఆయన తలెత్తి ఆమెని చూడనైనా చూడలేదు. కంప్యూటర్లో ఉన్న ఉత్తరంలో పేరు మార్చి, ప్రింటు తీసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. అతను క్రమశిక్షణ గలవాడు, అతను వినయశీలి, అతనికి ఉజ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాను.

“ఆడపిల్లండీ,” అన్నాను.

“ఓ, మార్చేద్దాం సార్. వందలమంది పిల్లలు, ఎవరు ఎవరో మాకేటి గుర్తుంటాది?”

నేను బల్ల గుద్ది, తెల్లవారకముందే లేపి, పడుకునేదాకా చదివించి, రెండేళ్ళు మీ గోడల మధ్య ఉంచుకున్న పిల్ల ఆడో మగో తెలియదా అని కడిగేశాను. ఈ వాక్యం నేను చాలామందికి చెప్పాను, చెప్పేటప్పుడు బల్ల కూడా గుద్ది చూపించాను. నిజానికి ఆయనిచ్చిన టీ తాగి, థాంక్సండీ అని మెట్లు దిగాను. కడిగింది మెట్ల మీద, మనసులో. కోపం మాత్రం నిజం. ఇవాళ్టికీ చల్లారలేదు. ఆ నాయకుడికి కనీసం సింహాచలం ఎవరో తెలుసు. రోజూ హాజరు వేసే కాలేజీకి ఆయన కూతురు ఎవరో తెలియదు. ఫలితాలు వచ్చిన రోజున మాత్రం ఇదే పిల్ల ఫొటో ఫ్లెక్సీ మీద వేస్తారు, అప్పుడు ‘ఆమె’ అవుతుంది.

నువ్వెవరో తెలిసిన మేస్టారు అసలెవరైనా ఉన్నారా అని దారిలో అడిగాను. కామేశ్వరి టీచరు అంది వెంటనే. నౌపడ హైస్కూల్లో తెలుగు చెప్పి, తర్వాత సీతంపేట వైపు బదిలీ అయిన ఆవిడ. ఫోన్ చేస్తే, నాకు ఇంగ్లీషులో నిజం రాయడం చేతకాదండీ, తెలుగులో రాస్తాను, మీరు మార్చుకోండి అన్నారు. సాయంత్రానికి ఒక పేజీ ఫొటో తీసి పంపారు. అందులో ఇలా ఉంది:

“తొమ్మిదో తరగతిలో వాన మీద వ్యాసం రాయమన్నాను. అందరూ వాన మనకి చుట్టమని రాశారు. ఈ అమ్మాయి, వానొస్తే మా నాన్న ఏడుస్తాడు అని మొదలుపెట్టింది. విషయం పక్కదారి పట్టిందని తక్కువ మార్కులు వేశాను. సాయంత్రం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, మీరు ఏ ఊరి వాన రాయమన్నారు టీచర్ అని అడిగింది. తర్వాత ఒక చిన్న జల్లు పడ్డ రోజున వాళ్ళ మడుల దగ్గరికి వెళ్ళి చూశాను. తయారైన ఉప్పంతా నీరైపోయి ఉంది. మర్నాడు మార్కులు దిద్దాను. నా పాఠం కూడా దిద్దుకున్నాను.”

బాగానే ఉంది గానీ, తక్కువ మార్కుల ప్రస్తావన ఎవరైనా పంపుతారా అనిపించింది. కాబట్టి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కాస్త ‘మెరుగు’ పెట్టాను. వాన తీసేశాను, ఉప్పు తీసేశాను. నా సర్వీసులో ఇంతటి మేధావిని చూడలేదు, పుట్టుకతోనే నాయకురాలు, దేశానికి వెలుగు అని రాసి, ఆ పేజీని చూసి నేనే మురిసిపోయాను.

రోహిణి రెండుసార్లు చదివింది. పక్కనే కాలేజీ వాళ్ళ ఉత్తరం పెట్టుకుని అదీ చదివింది.

“మేస్టారూ, ఇందులో నానెక్కడున్నాను?”

“అంతా నీ గురించే కదమ్మా.”

“ఆ కాలేజీ కాయితంలో నాను లేను. ఇందులోనూ లేను. ఇది ఎవరికైనా సరిపోతాది.”

తక్కువ మార్కులేసిన ముచ్చట పంపితే ఉన్న చాన్సూ పోతాదని గదమాయించాను. ఆమె గొంతు పెంచలేదు.

“పోతే పోనీండి. టీచరు నన్ను సూసి రాసింది. మీరు సూడకుండా రాసీసినారు.”

వైస్ ప్రిన్సిపాలు మీద రెండు రోజులుగా నూరుతున్న పళ్ళు నా మీద నేనే నూరుకోవలసి వచ్చింది. ఆయన పేరు మార్చాడు, నేను విశేషణాలు మార్చాను. అంతే తేడా. ఆ పేజీ చింపి, టీచరు రాసినది రాసినట్టుగా, ఒక్క మాటా కలపకుండా ఇంగ్లీషులో పెట్టాను. నా జీవితంలో అంత కష్టమైన పని మరొకటి చేయలేదు. ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

ఇంటర్వ్యూ నా గదిలోనే, కంప్యూటర్ ముందు జరిగింది. గంటసేపు మాట్లాడిందనీ, అవతలివాళ్ళు లేచి చప్పట్లు కొట్టారనీ రాజాం అంతా చెప్పాను. నిజానికి అరగంటైనా కాలేదు, మధ్యలో నెట్టు రెండుసార్లు పోయింది. మొదటి ప్రశ్న మాత్రం తలుపు బయటినుంచి నా చెవులతో విన్నాను. మీ ఊరి వాన గురించి చెప్పమన్నారు. రోహిణి తడుముకుంటూ మొదలుపెట్టింది, కాసేపటికి తడుముకోవడం మానేసింది. చివర్లో ఏమైనా అడుగుతావా అంటే, అడిగింది. ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. రెండేళ్ళ బాకీ కాబోలు.

సీటు వచ్చింది. మొదటి విడతలోనే వచ్చిందని చెప్పుకున్నాను గానీ, ముందు వెయిట్‌లిస్టులో పెట్టారు. అంటే ఎవరైనా వదులుకుంటే ఇస్తామని. బడులు తెరిచే వేళకి ఎవరో వదులుకున్నారు. సింహాచలం ఉప్పు మూట ఒకటి తెచ్చి మేడ ఎక్కించాడు. “మీరు అరవయ్యన్నారు, నూరయ్యింది మేస్టారూ,” అన్నాడు. పది అనుకున్నానని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

నూటికి ఇంత అని చెప్పడం నేను మానేశానని రాద్దామనుకున్నాను. మానలేదు, అడక్కుండా ఎవరూ ఊరుకోరు. కానీ మార్కుల కాగితం చూసే ముందు ఇప్పుడు ఇంకో మాట అడుగుతున్నాను. నిన్ను పేరు పెట్టి పిలిచే మేస్టారు ఎవరు అని. చాన్సు తెలిసేది అక్కడే. పిల్లలు తల వంచుకుంటారు. తండ్రులు కట్టిన ఫీజుల సంగతి ఎత్తుకుంటారు. మొన్న ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, కాలేజీ బస్సు డ్రైవరు పేరు చెప్పింది.