తడవని మిరపకాయలు

దయ్యాలున్నాయనేవాళ్లతో సభల్లో గొంతు పోయేదాకా కొట్లాడినవాణ్ణి నేను. ఉన్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. అయినా ఇది రాయకుండా దాచిపెడితే నా వాదానికే ద్రోహం చేసినవాణ్ణవుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా తమ్ముడు కోటేశ్వరరావుకు కిడ్నీ మార్చారు. ఇచ్చింది అమ్మ. హైదరాబాదు నుంచి అద్దంకి దగ్గర మా ఊరికి బయల్దేరేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు. మంచం మీదే ఉంచితే, వాడే మందులకు కండంతా కరిగిపోతుంది, గుడ్డు, పప్పు పెట్టండి, రోజూ నడిపించండి, కాళ్లకు కసరత్తు చేయించండి అని.

అమ్మ వినలేదు. పప్పు పెడితే కుట్లు చీము పడతాయంది. చారన్నమే పథ్యం. నడిస్తే కిడ్నీ జారిపోతుందంది. నేను అరిస్తే ఆమెది ఒకటే మాట:

"ఒరేయ్ హేతువాదీ, అది నా కిడ్నీ. దాన్నెట్టా చూసుకోవాలో నాకు తెలుసు. నువ్వెళ్లి నీ మీటింగుల్లో చెప్పుకో."

ఒంట్లో ముక్క కోసిచ్చిన మనిషితో ఏం వాదిస్తాం? మిరప బస్తా భుజాన వేసుకుని నడిచే తమ్ముడు మంచినీళ్ల చెంబు ఎత్తలేకపోయాడు. తొడలు నా ముంజేతులంత అయ్యాయి.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం అమ్మను డాక్టరుకు చూపించడానికి అద్దంకి తీసుకెళ్లాను. తమ్ముడు నిద్రపోతుంటే బయట గొళ్లెం పెట్టాం. ఇంటి వెనక కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. తిరిగొచ్చే బస్సులో ఉండగానే వాన అందుకుంది. "ఏడాది కష్టమంతా పోయిందిరా" అని అమ్మ దారంతా ఏడ్చింది.

వచ్చి చూస్తే కాయలన్నీ కుప్ప చేసి ఉన్నాయి. పైన పట్టా, పట్టా అంచుల మీద రాళ్లు. ఒక్క కాయ తడవలేదు.

గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తమ్ముడు మంచం మీదే ఉన్నాడు. బట్టలు పొడిగా ఉన్నాయి. అరికాళ్లకు మట్టి లేదు. అరచేతులు మాత్రం ఎర్రగా పొంగి, మిరప ఘాటు కొడుతున్నాయి.

"చేతులు మండిపోతున్నాయ్ అన్నయ్యా, కాస్త మజ్జిగ పొయ్యి."

"ఏం చేశావురా?"

"నేనేం చేస్తా, పడుకునే ఉన్నాగా. వాన పడుతున్నట్టు కలొచ్చింది."

ఇరుగుపొరుగు అందరినీ అడిగాను. ఎవరి కల్లం వాళ్లు కప్పుకునే హడావుడిలో మా వైపు ఎవరూ రాలేదన్నారు.

కాయలెత్తింది వాడేనని నమ్మి, మర్నాడు అమ్మే గుడ్లు ఉడకబెట్టింది. చెరోవైపు పట్టుకుని వాణ్ణి నిలబెట్టాం. తడిగుడ్డలా జారిపోయాడు. రోజూ నిలబెట్టాం, రోజూ కూలాడు. కిడ్నీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, మనిషిలోనే ఏమీ మిగల్లేదన్నాడు డాక్టరు. వానాకాలంలో కఫం పట్టింది. దగ్గి బయటికి తీసే బలం కూడా లేక ప్రాణం వదిలాడు.

పొరుగువాళ్లెవరో కప్పి మర్చిపోయి ఉంటారని నాకు నేనే చెప్పుకుంటాను. మరి ఆ చేతుల మంట?

అమ్మ నన్నొకటే అడిగింది: "అంత కల్లం ఎత్తినోడు, నాకోసం ఒక్క అడుగు వెయ్యలేకపోయాడేంట్రా?"

కండ ఎందుకు కరుగుతుందో నాకు తెలుసు. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆ కల్లం ఎవరెత్తారో మాత్రం నాకు నిజంగానే తెలియదు.