నా వైపు గడియారం

మా చెస్ క్లబ్బు అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఒక కమ్యూనిటీ సెంటర్ వెనక గదిలో నడుస్తుంది. పక్క గదిలో జుంబా డాన్సు క్లాసు. గోడ అవతల పాటలు దద్దరిల్లుతుంటే ఇవతల పాతిక మందిమి తలలు వంచుకుని కూర్చుంటాం. చలికాలంలో తలుపు దగ్గర బూట్ల కింద మంచు కరిగి, రోడ్డు మీద చల్లిన ఉప్పుతో కలిసి తెల్లటి మరకలు కడుతుంది. అందరూ హుడీలు, బేస్‌బాల్ టోపీలు వేసుకుని వస్తారు. నేను ఇస్త్రీ చొక్కా, కోటు వేసుకుని వెళ్తాను.

క్లబ్బు డైరెక్టరు ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరైన పెద్దాయన. నన్ను చూడగానే ప్రతిసారీ ఇంగ్లీషులో అదే మాట అంటాడు: "ఇవాళ పెళ్ళి ఎవరిది?"

"ఓడేవాళ్ళది," అంటాను నేను. ఇద్దరం నవ్వుకుంటాం. ఇన్నేళ్ళలో ఆ గదిలో నాకు అంతకంటే దగ్గరైన సంభాషణ లేదు. నాకు అది చాలు.

మాది గోదావరి జిల్లాలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. నేను పుట్టేసరికి పేరు ఒక్కటే మిగిలింది. మా నాన్నగారు అద్దె ఇంట్లో అరువు కుర్చీలో కూర్చున్నా వీపు ఆనించేవారు కాదు. నేనూ ఆనించను. ఇక్కడ ఒక కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఆఫీసులో మా ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగక మొదటి అక్షరంతోనే పిలిచేవారు. క్లబ్బులో మాత్రం గోడ మీద అంటించే కాగితంలో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ఏటా జరిగే మా క్లబ్బు పోటీలో రెండు గ్రూపులు. పై గ్రూపులో చివరగా వచ్చినవాళ్ళు మరుసటి ఏడు కిందికి దిగాలి. క్లబ్బులో చేరిన రెండో ఏడు పైకి వెళ్ళాను. మళ్ళీ దిగలేదు.

పోయిన శరదృతువులో పొయ్యి మీద టీ గిన్నె మాడ్చాను. తర్వాత ఒకరోజు ఫార్మసీకని బయలుదేరి, ముప్పై ఏళ్ళుగా తిరిగే రోడ్డు మీద ఎటు తిరగాలో తెలియక ఒక బ్యాంకు పార్కింగులో కారు ఆపుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ట్రాఫిక్ అన్నాను. మా ఆవిడ నా మొహం చూసింది.

"ఏమండీ, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామా?"

"దేనికి?"

"ఊరికే, చెకప్‌కి."

"నిద్ర సరిగ్గా లేదు, అంతే."

ఆవిడ అప్పటికి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. రాత్రిళ్ళు పడుకుని పాత ఆటలు మొదటి ఎత్తు నుంచీ మనసులో ఆడుకుంటూ, ఎక్కడైనా తెగుతుందేమో అని చూసుకునేవాణ్ణి. తెగేది కాదు. దాంతో నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఈ ఏడు పై గ్రూపులో నిలబడితే బుర్ర బాగున్నట్టే, డాక్టరు అక్కర్లేదు. దిగిపోతే ఆవిడ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పోటీ సాగేకొద్దీ పాయింట్లలో నేను వెనకబడుతూ వచ్చాను. చివరి రౌండు శనివారం మధ్యాహ్నం. కిందికి దిగకుండా ఉండాలంటే అందులో కనీసం డ్రా చేసుకోవాలి. నాకు ఎదురుగా పడింది ఒక తెలుగమ్మాయి. ఇక్కడే పుట్టింది, ముప్పై లోపు ఉంటుంది, కార్ల బ్రేకులు డిజైన్ చేసే చోట ఉద్యోగం. వాళ్ళమ్మ, మా ఆవిడ గుడిలో ప్రసాదాల దగ్గర కలిసి వడ్డిస్తారు. అది తలుచుకుంటేనే నాకు ఇబ్బందిగా ఉంది. ఈ గదిలో జరిగేది ఈ గదిలోనే ఉండాలని నా కోరిక.

"హాయ్ అంకుల్," అంది కూర్చుంటూ.

"ఆట అయ్యేదాకా అంకుల్ వద్దమ్మా," అన్నాను.

"ఓకే అంకుల్," అని నాలుక కరుచుకుంది.

చెస్ గడియారం సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బల్ల పక్కన ఒకటే గడియారం, దానికి రెండు ముఖాలు. ఎవరి ఎత్తు వాళ్ళు వేసి తమ వైపు బటన్ నొక్కాలి. నొక్కగానే మన సమయం ఆగి, ఎదుటివాళ్ళది కదులుతుంది. నొక్కకపోతే మన సమయమే కారిపోతూ ఉంటుంది. మర్చిపోయావని గుర్తుచేయాల్సిన బాధ్యత ఎదుటివాళ్ళకు లేదు. చూసేవాళ్ళు, డైరెక్టరు నోరెత్తనే కూడదు. సమయం సున్నాకి వచ్చినా మా పోటీల్లో ఆట దానంతట అది ఆగదు. ఎదుటివాళ్ళు "టైం అయిపోయింది" అని అడగాలి, దాన్నే క్లెయిమ్ అంటారు; అడిగితే మనం ఓడినట్టే. అడగకపోతే ఆట నడుస్తూనే ఉంటుంది.

ఆ రోజు నేను బాగా ఆడాను. ఇది గొప్పకి చెప్పడం లేదు, ఆ తర్వాత ఇంట్లో ఆటంతా మళ్ళీ వేసి చూసుకున్నాను. ఆమె రాజు ముందు బంట్లను తొందరపడి కదిపింది. నేను ఓపిగ్గా ఒక గుర్రాన్ని లోపలికి పంపి, మంత్రులు మార్పించి, చివరికి ఒక బంటుకి దారి ఖాళీ చేయించాను. చివరి గడి చేరితే అది మంత్రి అవుతుంది, దానికి అడ్డం లేదు. లోపల ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. నెలల తరబడి గుండె మీద కూర్చున్నది లేచి వెళ్ళిపోయినట్టు ఉంది. మాడిన గిన్నె ఎవరింట్లో ఉండదు, దారి ఎవరు తప్పరు అనుకున్నాను.

ఒక్కటే అర్థం కాలేదు. నా సమయం చాలా తక్కువ మిగిలింది. నేను నిదానంగా ఆడేవాణ్ణి కాదు. అంతసేపు ఎక్కడ ఆలోచించానో తెలియలేదు. వయసు అనుకుని ఏనుగును కదిపి, ఎత్తు రాసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆమె ఎత్తు వేయలేదు. బోర్డు చూసింది, నన్ను చూసింది, గడియారం చూసింది. మళ్ళీ బోర్డు చూసింది. గోడ అవతల పాట మారింది. చివరికి చూపుడు వేలు బల్ల మీద నుంచి ఎత్తీ ఎత్తకుండా గడియారం వైపు చూపించి, చాలా మెల్లగా అంది.

"అంకుల్. మీ క్లాక్."

నా వైపు అంకెలు కదులుతున్నాయి. నొక్కలేదు. మర్చిపోయాను.

చెయ్యి చాపితే అందే దూరం. అరక్షణం పని. పక్క బల్ల వాళ్ళు తలెత్తారు. డైరెక్టరు అటు నుంచి నడుస్తూ నడుస్తూ ఆగాడు.

"తెలుసు," అన్నాను.

చెయ్యి కదపలేదు.

మా తాతగారి మీద ఒక సివిల్ దావా ఉండేదట. మిగిలిన భూమంతా దాని మీదే ఆధారపడి ఉంది. వాయిదా నాడు ఆయన కోర్టు ఆవరణ దాకా వెళ్ళి కారులో కూర్చున్నారు. వరండాలోంచి బంట్రోతు ఆయన పేరు ముందూ వెనకా ఏమీ లేకుండా, కేకేసి పిలిచాడు. ఆయన దిగలేదు. మళ్ళీ పిలిచాడు. దిగలేదు. మూడోసారి పిలిచాక తీర్పు అవతలివాళ్ళ పక్షాన అయిపోయింది. కారు తిప్పమన్నారట. మా ఇంట్లో ఈ కథని నష్టంగా ఎవరూ చెప్పలేదు. పిలిస్తే లేచి వెళ్ళే మనిషి కాడు అని చెప్పుకునేవారు. అన్నం తింటూ విన్న కథ అది. నా ఒంట్లో ఉంది.

గడియారం కాదు నేను చూసింది, నా బంటుని. అది వెళ్ళాల్సిన గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆమె నుదురు రుద్దుకుంటోంది. నా సమయం కారుతున్నా ఆలోచించుకునే హక్కు ఆమెకి ఉంది, ఆమెది నిజంగా కష్టాల్లో ఉన్న ఆట. నా అంకెలు సున్నాకి వచ్చి నిలిచిపోయాయి.

ఆమె అడగలేదు. చూసింది, చూడనట్టు తల దించుకుని తన ఎత్తు వేసింది. నా వంతు వచ్చేలా, ఏమీ జరగనట్టు. అంత మంచితనం నేను భరించలేకపోయాను.

"క్లెయిమ్ చెయ్యమ్మా," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

నేనే గడియారం ఆపి, లేచి నిలబడి, చెయ్యి చాపాను. "నా టైం అయిపోయింది. గెలిచింది నువ్వు."

డైరెక్టరు దగ్గరికి వచ్చి బోర్డు చూశాడు. "ఆమె అడగలేదు. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఈ ఆట నువ్వు గెలుస్తున్నావు," అన్నాడు ఇంగ్లీషులో.

"ఫలితం రాసుకో," అన్నాను.

కోటు గుండీలు పెట్టుకుని బయటికి వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ తలుపు దాటేటప్పుడు నాకు దుఃఖం లేదు. పై గ్రూపు పోయింది, కానీ మావాళ్ళు పోగొట్టుకున్నట్టు పోగొట్టుకున్నాను. ఒక్కసారి చెయ్యి మరిచింది, మిగతాదంతా నేను కావాలని చేసింది. ఇందులో జబ్బు లేదు, నా పరీక్షకి దీన్ని లెక్క వేయకూడదు అని అప్పుడే వాదించుకుంటున్నాను.

కారు అద్దం మీద మంచు గీకుతుంటే ఆ అమ్మాయి జాకెట్ జిప్పు పెట్టుకోకుండానే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అంకుల్, వన్ మినిట్."

"చెప్పమ్మా."

"ఎందుకు స్టాప్ చేశారు? నేను క్లెయిమ్ చెయ్యలేదు కదా."

"టైం అయిపోయాక ఆడటం మా ఇంటా వంటా లేదు."

"బట్ మీరు విన్ అవుతున్నారు."

"తెలుసు."

ఆమె వెళ్ళలేదు. చలికి భుజాలు దగ్గరికి ముడుచుకుని నిలబడింది. "నాది తప్పు అంకుల్. నేను ఫస్ట్‌లోనే చెప్పాలి."

"ఫస్ట్‌లో ఏమిటి?"

"అది ఫస్ట్ టైం కాదు కదా. బిఫోర్ కూడా మర్చిపోయారు. టూ టైమ్స్. ఒకసారి చాలా లాంగ్. నేను వెయిట్ చేశాను, మీరే చూసుకుంటారని. తర్వాత మీరే చూసి నొక్కారు. గేమ్‌లో మాట్లాడకూడదు అని నేర్పించారు మాకు, అందుకే..." ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "మీకు... తెలుసు కదా?"

"తెలుసు," అన్నాను.

నాకు తెలియదు. మర్చిపోయినట్టూ తెలియదు, చూసుకుని నొక్కినట్టూ తెలియదు. మధ్యాహ్నమంతా నేను కూర్చున్న కుర్చీ, నేను చూసిన బోర్డు, అందులోంచి రెండు ముక్కలు ఎవరో కోసి తీసుకుపోయారు. కోసిన చోటు కూడా కనిపించడం లేదు.

"నేను అమ్మకి చెప్పను అంకుల్," అంది.

"చెప్పినా పర్వాలేదమ్మా. లోపలికి వెళ్ళు, చలి."

కారులో కూర్చుని హీటర్ పెట్టుకున్నాను. చేతులు వేడెక్కలేదు. బతుకంతా నా ఓటములకి ఒక అర్థం ఉందనుకున్నాను. వంగకపోవడం వల్ల పోయాయి అనుకుంటే, పోయినవి కూడా సొంత ఆస్తిలా ఉండేవి. ఇవాళ్టిది అలాంటిది కాదు. నేను తలెత్తుకుని వదులుకున్న కాస్త సమయం, అప్పటికే నాకు తెలియకుండా జారిపోయినదానికి చివరి ముక్క. తాతగారు కారులో కూర్చుని మూడు పిలుపులూ విన్నారు. విని దిగలేదు. నేను వినలేదు.

ఇంటికి ఎలా వెళ్ళాలో గుర్తుంది. అది కూడా రోడ్డు రోడ్డుకీ పేరు పైకి చదువుకుంటూ వెళ్ళాను.

మా ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఏమైంది?"

"ఓడిపోయాను."

"పోనీలెండి. ఆటేగా."

"గెలిచే ఆట. బటన్ నొక్కడం మర్చిపోయాను." కోటు విప్పలేదు. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మూడుసార్లు."

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉంది. "మూడుసార్లని మీకెలా తెలుసు?"

"ఆ అమ్మాయి చెప్పింది. నాకు ఒకటే గుర్తుంది."

"నేను ముందే చెప్పానుగా" అని ఆవిడ అంటుందని ఎదురుచూశాను. అని ఉంటే నాకు తేలికయ్యేది. ఏదో ఒక జవాబు చెప్పి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ ఆ మాట అనలేదు.

"ఇంట్లోనూ అవుతున్నాయండీ," అంది తుంచిన కాయల వైపు చూస్తూ. "చెప్తే మీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను."

ఆ అమ్మాయి ఊరుకుంది. ఈవిడ ఊరుకుంది. నా మర్యాద చెడకూడదని నా చుట్టూ ఎందరు నోరు మూసుకుని కూర్చున్నారో నాకు తెలియదు.

"సోమవారం డాక్టర్‌కి ఫోన్ చెయ్యి," అన్నాను. "ఆయనకి చెప్పేవి ముందు నాకు చెప్పు."

"ఇప్పుడా? వద్దులెండి, అలిసిపోయి వచ్చారు."

"చెప్పు."

"మొన్న గ్యారేజీ తలుపు వేయలేదు, పొద్దుటిదాకా," అంది. నాకు గుర్తు లేదు. "అబ్బాయి ఫోన్ చేస్తే మాట్లాడారు. పెట్టేసిన పది నిమిషాలకి, వాడు ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందీ అన్నారు." గుర్తు లేదు. "దీపావళికి మీ చెల్లెలు వచ్చినప్పుడు..." అక్కడ ఆపేసి పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"వచ్చినప్పుడు?"

"ఆవిడని వాళ్ళాయన ఎలా ఉన్నారని అడిగారు."

మా బావగారు పోయి రెండేళ్ళు. శవాన్ని మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది గుర్తుంది.

"ఏమంది అది?"

"బాగున్నారు అన్నయ్యా, అంది."

బల్ల అంచు పట్టుకున్నాను. వీపు కుర్చీకి ఎప్పుడు ఆనిందో తెలియదు.

"ఇంకా ఉన్నాయా?"

ఆవిడ తలూపింది.

"చెప్పు," అన్నాను.