అగ్గిపెట్టిచ్చినా

మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి కాలిపోవాలని కోరుకునేవాడు. స్టవ్వు అంటుకోకపోతే "కాలిపోను దీని మొగం" అనేవాడు. ఎమ్మిగనూరు బస్సు రాకపోతే బస్సు కాలిపోవాలి. టీలో చక్కెర తక్కువైతే హోటలు కాలిపోవాలి. ఆయన కోరికలన్నీ తీరి ఉంటే ఆదోని ఎప్పుడో బూడిదయ్యేది. అన్ని కోరికల్లో ఒక్కటి మాత్రం నిజమైంది, దాంతో ఆయనకు ఏడేళ్ళ శిక్ష పడింది.

డెబ్బైల చివరి మాట ఇది. ఒక జిన్నింగు మిల్లు గేటుకు ఎదురుగా ఆయనకు బీడీల బంకు ఉండేది. బంకంటే నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన చెక్క డబ్బా. అందులో మామూ కూర్చుంటే ఇంక గాలికి కూడా చోటుండేది కాదు. పత్తి బండ్లు మళ్ళడానికి అడ్డంగా ఉందని, దాన్ని తీసెయ్యమని మిల్లు గుమాస్తా పోరేవాడు. ఒకరోజు మాటా మాటా పెరిగి, బండ్లవాళ్ళందరూ చూస్తుండగా మామూ తనకు వచ్చిన ఒకే ఒక్క తిట్టు తిట్టాడు: "నీ మిల్లు కాలిపోను."

తర్వాత కొద్ది రోజులకే, ఎండాకాలం మధ్యాహ్నం, మిల్లు ఆవరణలోని పత్తి కుప్ప నిజంగానే అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదుగానీ పత్తి మొత్తం పోయింది. మిల్లువాళ్ళు పనిలోంచి తీసేసిన ఒక హమాలీ ఆ రోజే గోడ దగ్గర తిరిగాడని, ఆ పూటే ఊరు విడిచి బొంబాయి దిక్కు పోయాడని చెప్పుకున్నారు. అతడు దొరకలేదు. గోడ వైపు పోయే ముందు మామూ బంకులో ఒక బీడీ కట్ట, ఒక అగ్గిపెట్టె తీసుకున్నాడు. దొరకనివాడి పేరుతో కేసు నడపడం కంటే, ఎప్పుడు చూసినా గేటుకు ఎదురుగానే కూర్చుని కనిపించే మామూను పట్టుకోవడం పోలీసులకు తేలికైంది. హమాలీ చేత నిప్పు పెట్టించింది మామూనే అన్నారు.

నేనప్పుడు ఎమ్మిగనూరులో ఎలిమెంటరీ స్కూలు టీచరుని. విచారణ రోజు సెలవు పెట్టి ఆదోని వచ్చి, ముమానీ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ముమానీ అంటే మామూ భార్య. ఆమెది కర్ణాటక సరిహద్దు దగ్గరి కౌతాళం. సంతోషంలో ఉర్దూ, బేరంలో తెలుగు, కోపంలో కన్నడం మాట్లాడేది.

జడ్జి గారు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచివారే, గొంతు పెంచేవారు కాదు. మామూను నెమ్మదిగా అడిగారు. "ఆ రోజు ఆ హమాలీ నీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చినాడు సామీ."

"వస్తే నువ్వేం చేశావు?"

"అగ్గిపెట్టిచ్చినా సామీ. ఇంగేం సేసేది."

వాంగ్మూలం రాసుకునే కోర్టు గుమాస్తా కూడా కోస్తావాడే. ‘అగ్గి పెట్టించినాను’ అని రాసుకున్నాడు. రాసుకుని ఊరుకోక, నిబంధన ప్రకారం గట్టిగా చదివి వినిపించాడు కూడా. మామూ శ్రద్ధగా విని తల ఊపాడు. "ఔ సామీ. అదే సెప్పినా."

మా వైపు అగ్గిపెట్టెను అగ్గిపెట్టి అంటాం. ‘అగ్గిపెట్టి’కీ ‘ఇచ్చినా’కూ మధ్య ఊపిరి తీసుకునే ఓపిక ఆదోనిలో ఎవరికీ లేదు, రెండూ కలిసిపోతాయి. ఇంకొకడి చేత నిప్పు పెట్టిస్తే దాన్ని కూడా మేము ‘అగ్గి పెట్టిచ్చినా’ అనే అంటాం. మాలో మాకు ఇబ్బంది లేదు, ఎవరు ఇచ్చారో ఎవరు పెట్టించారో మాకు తెలుసు. అందుకే ఆ రోజు కోర్టులో ఒక్కరికీ చెవి చురుక్కుమనలేదు. మా వకీలు సాబ్ తలపాగా సర్దుకుంటున్నాడు. పిల్లలకు ఒత్తులూ పొల్లులూ నేర్పి జీతం తీసుకునే నేను, మామూ బాగా చెప్పాడని మురిసిపోతున్నాను.

తీర్పు రోజు జడ్జి గారు చదివారు. ముందు తగాదా ఉంది, మిల్లు కాలిపోవాలని నలుగురి ముందు అన్నాడు, పైగా నిప్పు పెట్టించినట్టు తన నోటితోనే ఒప్పుకున్నాడు. వకీలు సాబ్ అప్పుడు నుదురు కొట్టుకున్నాడు. మామూ బోనులోంచి మా వైపు తిరిగి, "ఏం ఒప్పుకున్నానంట?" అని అడిగాడు. పోలీసులు ఆయన్ను మెట్లు దింపేదాకా ముమానీ తల ఎత్తలేదు. ఏడుస్తోందనుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారిగా లేచి, చెప్పులు కూడా లేకుండా వ్యాను వెనకాల పరుగెత్తింది.

హైకోర్టుకు అప్పీలు పోయింది. కానీ హైదరాబాదు చేరేసరికి మామూ మాట ఇంగ్లీషులోకి మారిపోయింది. ఆ ఇంగ్లీషులో అగ్గిపెట్టె ఊసే లేదు, నిప్పు పెట్టించడం మాత్రమే ఉంది. మా యాసలో ఇంకో అర్థం ఉందని వకీలు సాబ్ చెప్పిస్తే, చదివి వినిపించినప్పుడు మీ మనిషి ఔనన్నాడు కదా అన్నారట. అప్పీలు కొట్టేశారు. నాకు వచ్చిన కోపంలో, అప్పుడే తెలిసింది మామూ ప్రతిదాన్నీ కాలిపొమ్మని ఎందుకంటాడో.

"ఇంక ఒక్క తలుపుందమ్మా" అన్నాడు వకీలు సాబ్. "గవర్నరుది. కోర్టులన్నీ అయిపోయినా ఆయన తలచుకుంటే శిక్ష తీసెయ్యొచ్చు. క్షమాభిక్ష అంటారు."

ఈ మాట మోసుకుని నేనూ ముమానీ రైలెక్కి కడప జైలుకు పోయాం. ములాఖాత్‌లో చువ్వలకు అటు ఆయన, ఇటు మేము. చిక్కిపోయి ఉంటాడనుకుంటే, బంకులో కూర్చున్నట్టే నిండుగా కూర్చున్నాడు. నేను విషయం చెప్పాను. అన్నీ విని, ఒక్క మాట దగ్గర ఆగాడు.

"ఏం భిక్ష?"

"క్షమాభిక్ష, మామూ."

"బిచ్చమా?"

"అది పేరు మాత్రమే..."

"బేస్తవారం వస్తే జుమ్మేరాత్ అని బంకు కాడికి వచ్చిన ఏ ఫకీరునీ నేను ఉత్త సేతుల్తో పంపలే. నేను బిచ్చం ఏసేటోన్ని. అడుక్కునేటోన్ని కాదు. తప్పు సేసినోడు క్షమించమంటాడు. నేను అగ్గిపెట్టి ఇచ్చినా. దానికి గవర్నరు నన్నేంటికి క్షమించాల?"

నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. ముమానీ మాత్రం చువ్వలు పట్టుకుని కన్నడంలో మొదలుపెట్టింది. అందులో నాకు సగమే అర్థమైంది, పక్కనున్న వార్డరుకు అసలేమీ అర్థం కాలేదు. కానీ అతడు టైమైపోయిందని చెప్పడానికి భయపడి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఇదే కథ. ముమానీ బతిమాలింది. మాట్లాడకుండా కూర్చుంది. బొరుగుల ఉగ్గాని కట్టుకుపోయి, ఒప్పుకుంటేనే పెడతానంది. ఆయన ఆకలిని తట్టుకోలేని మనిషి. అయినా ఉగ్గాని వైపు చూస్తూ, "బంకు తాళం గట్టిగుండాదా?" అని మాట మార్చాడు. ముమానీకి ఆయన ఇంటికి రావాలి, అంతే. ఆయనకు తన పేరు మీద మచ్చ పోవాలి. ఈ రెండూ ఒక కాగితం మీద ఇమడడం లేదు.

అలా ఉండగా షబే బరాత్, అంటే మా మన్నింపుల రాత్రి, వచ్చింది. ఆ సాయంత్రం ఇంటింటికీ హల్వా పంచుతాం. పంచుతూ ‘కహా సునా మాఫ్’ అంటాం. అన్నదీ విన్నదీ మన్నించమని అర్థం. ఎదుటివాళ్ళు కూడా తిరిగి అదే మాట అనాలి, ఒక పక్కే అంటే చెల్లదు. మా పక్కింటామెకూ ముమానీకీ మురికి మోరీ నీళ్ళ దగ్గర పెద్ద తగాదా ఉండేది. ఆమె ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని వచ్చి, గోడ వైపు చూస్తూ "కహా సునా మాఫ్" అంది. ముమానీ కూడా ఇంకో గోడ వైపు చూస్తూ "మాఫ్" అంది. అని, గిన్నె చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

"ఈమె ఇప్పుడు తప్పు తనదని ఒప్పుకొన్యాదా?" అని నన్నడిగింది.

"లేదే."

"నేను ఒప్పుకొంటినా?"

"సచ్చినా ఒప్పుకోవు."

"మరి మాఫ్ ఎట్లాయె? తప్పు యాడుంది ఇందులో? అన్నిందీ ఇన్నిందీ, అంతే గదా. మీ మామూ ఒకటి అన్న్యాడు. వాళ్ళు ఒకటి ఇన్న్యారు."

హల్వా అక్కడే పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, వకీలు సాబ్ ఇంటికి నడిచింది. ఆయన భోజనం ముందు నుంచి లేచి వచ్చాడు. గవర్నరు గారికి కహా సునా తెలియదమ్మా అన్నాడు. తెలియకపోతే తెలిసేటట్టు రాయమంది. నేరం మన్నించమని కాదు, ముద్దాయి అన్న మాటకూ కోర్టు విన్న మాటకూ మధ్య జరిగిన పొరపాటును మన్నించి ఇంటికి పంపమని. వకీలు సాబ్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను, ఇట్లాంటిది రాయలేదన్నాడు. తర్వాత రాశాడు.

మామూకు చదివి వినిపిస్తే చువ్వల అవతల గడ్డం గోక్కున్నాడు.

"బిచ్చం అని ఉందా అందులో?"

"లేదు."

"కహా సునా అంటే రెండు పక్కలా అనాల గదా. నేను మాఫ్ అంటే వాళ్ళూ అనాల."

"వాళ్ళంటే?"

"సర్కారు."

"అంటాదిలే" అంది ముమానీ. ఆయన చేత సంతకం పెట్టించడానికి ఆ క్షణంలో ఆమె ఏ సర్కారు తరఫునైనా మాట ఇచ్చేది.

ఎదురుచూపుల్లో ఇంకో షబే బరాత్ దాటిపోయింది. చివరికి ఒకరోజు ఉత్తర్వు వచ్చింది. మేము జైలు గేటు దగ్గర నిలబడి ఉన్నాం, మామూ రావడం లేదు. లోపల ఏం జరిగిందో వార్డరు వచ్చి చెప్పాడు. జైలరు గారు ఉత్తర్వు చదివారు. అందులో వకీలు సాబ్ రాసిన మాటలేవీ లేవు. మిగిలిన శిక్షను రద్దు చేస్తూ క్షమాభిక్ష ప్రసాదించడమైనది, అని ఉంది. భిక్ష అనే మాట చెవిన పడగానే మామూ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడట. నా సర్వీసులో లోపలికి రానని ఏడ్చినవాళ్ళను చూశాను గానీ బయటికి పోనని కూర్చున్నవాణ్ణి చూడలేదని జైలరు గారు తల పట్టుకున్నారట.

ముమానీ గేటు దగ్గరకు పోయి, లోపలికి వినబడేలా ఒకే ఒక్క కేక పెట్టింది. "బర్తీయా, ఇల్లా?"

వస్తావా రావా అని. అది కౌతాళం కన్నడం, అందులో బేరానికి తావుండదని మామూకు తెలుసు. సంచీ చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

శిక్ష పోయిందిగానీ నేరం పోలేదని వకీలు సాబ్ ఒకరోజు ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. రికార్డులో ఆయన నిప్పు పెట్టించినవాడుగానే ఉంటాడు, గవర్నరు దయతలిచి వదిలారంతే. మామూ విని, "సరే సామీ" అన్నాడు. దేన్నీ కాలిపొమ్మనలేదు. అది చూసి నాకు దుఃఖం వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఆయన నోట ఆ తిట్టు మళ్ళీ వినలేదని అప్పుడే గుర్తించాను.

బంకు మళ్ళీ తెరిచాడు, మిల్లు దగ్గర కాదు, బస్టాండు పక్కన. అగ్గిపెట్టెలు మాత్రం అమ్మలేదు. చివర నిప్పు అంటించిన కొబ్బరి తాడు ఒకటి వేలాడదీశాడు, బీడీ కావలసినవాళ్ళు దాంతో ముట్టించుకునేవారు. ఎవరైనా అగ్గిపెట్టె అడిగితే తాడు వైపు వేలు చూపించేవాడు, నోరు తెరిచేవాడు కాదు.

ఆ ఏడు షబే బరాత్‌కు నేను ఆదోనిలోనే ఉన్నాను. పంచడాలయ్యాక ముమానీ ఆయన ముందు గిన్నె పెట్టి కూర్చుంది. "కహా సునా మాఫ్" అంది. ఆయన నవ్వాడు. "మన మధ్య ఏముందని?"

"ఉండాది. ఆ పొద్దు జడ్జి సదివినప్పుడు, నువ్వు మెట్లు దిగేదంక, నేనూ నమ్మినా."

నాకు ఆ రోజు బెంచీ మీద వంగిన ఆమె తల గుర్తొచ్చింది. మామూ హల్వా చేతిలోకి తీసుకున్నాడు.

"మెట్లు దిగేదంకనే గదా" అన్నాడు. "లోపల ఉండంగ, అందరూ అడిగి అడిగి, నేనే పెట్టిచ్చినానేమో అని నాకే కొన్నాళ్ళు అనిపిచ్చింది. మాఫ్."

"మాఫ్" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు ఆయన ఇంకో గిన్నె తెమ్మన్నాడు. అందులో కొంచెం హల్వా వేసి, పైన ఒక ఎండుద్రాక్ష పెట్టి, గూట్లో దాచాడు. ఎవరికని అడిగాను.

"సర్కారుకు. నా పక్క నేను అన్న్యా. వాళ్ళు ఇంగా అన్లే. ఎప్పుడన్నా వచ్చి అంటే, ఉత్త సేతుల్తో పంపేకి బాగుండదు గదా."

ఎగతాళికే అన్నాడనుకున్నాం. కానీ బతికినంతకాలం ప్రతి షబే బరాత్‌కూ ఆ గిన్నె పెట్టాడు. పొద్దున్నే చూస్తే చీమలు పట్టి ఉండేవి. ముమానీ కడిగి బోర్లించేది.