ఎడమచేతి బొట్టు

మొన్న ప్రొద్దుటూరులో ఒక రిపేరు అంగట్లో పాత ఆంప్లిఫయర్ కనిపించింది. దాని నెత్తిన ఎండిపోయిన కుంకుమ బొట్టు. అంగడాయన స్విచ్ వేయగానే దుమ్ము కాలిన వాసన వచ్చింది. అది మా చిన్నాన్న గది వాసన.

చిన్నాన్న బండలు కోసే మిషను మీద పనిచేసేవాడు. పెళ్లిళ్లలో గిటారు వాయించేవాడు. ఆయన గదిలో మూడు గిటార్లు, ఒక ఆంప్లిఫయర్, కాలితో తొక్కితే గిటారు గొంతు మారిపోయే పెడళ్లు ఉండేవి. ఆయుధపూజకు అన్నిటికీ నాచేత బొట్టు పెట్టించి, చివర్లో తన ఎడమచెయ్యి చాపేవాడు.

"ఇది గూడా పనిముట్టే పాపా, పెట్టు."

ఆ రోజంతా వాటిని ముట్టకూడదు. మర్నాడు పొద్దున్నే మోగించాలి.

నాకు ఆరేళ్లప్పుడు, పండగ ముందురోజు ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాడు. ఎడమచేతికి పెద్ద కట్టు. లోపల వేళ్లు లేవని నాకెవరూ చెప్పలేదు. పూజప్పుడు కుంకుమ గిన్నెతో వెళ్తే, కట్టు మీద అప్పటికే ఎర్రగా ఉంది.

"నాకంటే ముందే ఎవరు పెట్టినారు చిన్నాన్నా?" అని అలిగాను.

అవ్వ మొహం తిప్పుకుంది. ఆయన మాత్రం, "మిషను పెట్టింది లేమ్మా. నువ్వు పోయి గిటార్లకు పెట్టు," అన్నాడు.

మర్నాడు నేనే స్విచ్ వేసి, గిటారు ఆయన ఒళ్లో పెట్టాను.

"ఏంది చిన్నాన్నా అట్ల చూస్తాండావు? వాయించు."

ఆయన కుడిచేత్తో తీగలన్నీ ఒక్కసారి మీటాడు. ఎడమచేతి వేళ్లు నొక్కకపోతే గిటారు పాట పలకదని నాకు తెలీదు. అదేదో కొత్త పాట అనుకుని చప్పట్లు కొట్టాను.