కౌజు కూత

డెబ్బైల్లో ఒమాన్‌లోని సమాయిల్ దగ్గర రోడ్డు పనిలో ఉన్నప్పుడు, మా మేస్త్రీ డ్యూటీ దిగగానే దోసిలి నోటికి పెట్టుకుని కౌజుపిట్టలా కూసేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు అలా పిలిచే పిట్టల్ని వలలో పట్టేవాడట. మొదట్లో గుట్ట మీది పిట్టలు బదులు పలికేవి. మేం రాళ్లు పేల్చడంతో, వేటగాళ్లు తుపాకులతో కొట్టడంతో ఆ గుట్ట మూగబోయింది.

ఒక సాయంత్రం మళ్లీ బదులొచ్చింది. అలసట మరిచి మేస్త్రీ గుట్టెక్కాడు, వెనకే నేను. అవతల ఒక ముసలి ఒమానీ వేటగాడు, దోసిలి నోటి దగ్గరే ఉంది. మమ్మల్ని చూసి అతని ముఖం వాడిపోయింది. మేస్త్రీ కూతను అతనూ పిట్ట కూతే అనుకున్నాడు.

మర్నాడూ మేస్త్రీ కూశాడు. అవతలి నుంచి బదులొచ్చింది.

"పిట్ట కాదని ఎరుకే గదా, ఇంకెందుకు కాకా?" అన్నాను.

"ఆ ముసలాయనకు గూడ ఎరుకేరా," అన్నాడు చెప్పులు విడుస్తూ. "ఎవరో ఒకరు పలకాలె గద."